తుంపర యంత్రము ఎంత వేగముగా తిరుగవలెను?

(పొదిలి ప్రాంతమున పనిచేయుచున్న వ్యవసాయాధికారి ఒకరు, బి.యస్‌సి. వ్యవసాయము)

సాగరు కుడికాలువ నీరు దర్శి వైపు పొలములకు అందుచుండగా, పొదిలి, కొనకనమిట్ల, మర్రిపూడి మెట్టలలో చాలామంది రైతులకు వాన తరువాత బోరుబావియే దిక్కు. బోరులో రెండంగుళముల నీరు పడినచో రైతు దానిని ఇంటిలో పాడిగేదె వలె చూచుకొనును. అట్టి నీటిని కాలువలలో పారించి నేలపాలు చేయుటకు మనసొప్పక, మన రైతులు తుంపర సేద్యమునకు అలవాటు పడినారు. 2003 నవంబరులో మన రాష్ట్రములో సూక్ష్మ నీటిపారుదల పథకము ప్రారంభమైనప్పటి నుండి స్ప్రింక్లర్లు, వాటి పైపులు సబ్సిడీపై ఊరూర చేరినవి. నేడు వేరుశనగ, శనగ, మినుము, నువ్వు చేలలో వాటి టకటక చప్పుడు కొత్త కాదు.

ఐతే ఆ చప్పుడును వినుటయే గాని, యంత్రము ఎంత వేగముగా తిరుగుచున్నదో గడియారము పెట్టి చూచిన రైతులు చాల తక్కువ. చూడమని చెప్పిన అధికారులును తక్కువే. ఆ తక్కువవారిలో నేనును కొంతకాలము ఉంటిని. ఒక రైతు చేనిలో నేను చేసిన పొరపాటే నాకు ఈ విషయమును నేర్పినది. దానిని దాచుకొనక ఇచ్చట వ్రాయుచున్నాను.

ఒక వేరుశనగ చేను

పొదిలికి పడమటగా నున్న ఒక పల్లెలో ఒక రైతు రబీలో ఎకరమున్నర వేరుశనగ వేసెను. ఆయన బోరుకు ఎనిమిది స్ప్రింక్లర్లు ఉన్నవి. పైరు నలుబది రోజులు దాటి, ఊడలు దిగుచున్న సమయమున నన్ను చేనికి పిలిచెను. చేను దూరమునకు పచ్చగానే యున్నది. దగ్గరకు పోయి చూడగా, నాలుగు స్ప్రింక్లర్ల నడుమ పడు చోటులలో మొక్కలు వాడి, ఆకులు ముడుచుకొని యున్నవి. అచ్చట నేల గట్టిపడినది. ఊడ నేలలోనికి దిగనిచో కాయ లేదు. కాయ లేనిచో పెట్టుబడి లేదు. రైతు విత్తనము నకిలీదని అనుమానపడుచుండెను.

"విత్తనం సంగతి తర్వాత చూద్దాం పెద్దయ్యా, ముందు మోటారు వెయ్యండి" అంటిని.

మోటారు వేయగానే మొదటి వరుసలో రెండు పాత స్ప్రింక్లర్లు బొంగరముల వలె తిరుగసాగినవి. గడియారము చూచితిని. చుట్టుకు పదునైదు సెకనులు కూడ పట్టుటలేదు.

"అయి రెండే సారూ బాగా పనిచేసేది. గిర్రున తిరగతా ఉంటే చేను తొందరగా తడుస్తాదిగదా. మిగతావే మందకొడిగా ఉండాయి" అని ఆయన చెప్పెను.

ఎండిన చోటులు నిజమునకు ఆ రెండు యంత్రముల చుట్టునే ఎక్కువగా నున్నవి. ఆ ఎండును పోగొట్టవలెనని ఆయన తమ్ముని చేనినుండి మరి నాలుగు స్ప్రింక్లర్లు తెచ్చి తగిలించెను. దానితో పైపు చివర నున్నవి ఒక్కొక్కచోట ఆగి ఆగి తిరుగసాగినవి. ఆగినచోట మడుగు, తిరుగనిచోట ఎండు. ఒకే చేనిలో ఈ రెండు జబ్బులును కనబడినవి.

నేను ఆలోచింపక, చివరి యంత్రముల స్ప్రింగులను బిగించితిని. అప్పటికి కొంత తిరిగినవి. సంతోషించి వచ్చితిని. మరునాడు సాయంకాలము వోల్టేజి పడిపోగానే, నేను బిగించినవి పూర్తిగా నిలిచిపోయినవి. రైతు ఇంటికి పోయి యుండెను. తెల్లవారి చూచునప్పటికి నాలుగు చోటుల పైరు నీటిలో మునిగి యున్నది. ఆయన నన్ను ఒక మాటయు అనలేదు. "మీరు చెప్పినట్టే చేశాం గదా సారూ" అని మాత్రము అనెను. ఆ మాట తిట్టుకంటె ఎక్కువగా తగిలినది.

యంత్రము ఎట్లు తిరుగును?

ఈ యంత్రమునకు మోటారు లేదు, ఇరుసు త్రిప్పు మనిషి లేడు. దానిని త్రిప్పునది నాజిల్ నుండి వచ్చు నీటి ధారయే. 1933లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున గ్లెండోరా అను ఊరిలో ఆర్టన్ ఎంగిల్‌హార్ట్ అనునతడు దీనిని కనిపెట్టెను. నేడు మన చేలలో నున్న సుత్తి స్ప్రింక్లరు దాని సంతతియే.

నాజిల్‌కు ఎదురుగా ఒక చేయి ఉండును. దాని కొన గరిటె వలె వంగి యుండును. ధార ఆ గరిటెను తాకి ప్రక్కకు నెట్టును. చేయి దూరముగా పోవును. దానికి తగిలించిన స్ప్రింగు దానిని తిరిగి లాగుకొని వచ్చును. వచ్చు ఊపులో చేయి యంత్రపు ఒంటిని సుత్తి వలె కొట్టును. ఆ దెబ్బకు యంత్రము కొంచెము తిరిగి, అడుగున నున్న వాషర్ల రాపిడివలన ఆగును. మరల ధార గరిటెను నెట్టును. ఈ విధముగా ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క అడుగు వేయుచు యంత్రము చుట్టు తిరిగివచ్చును.

కావున తిరుగు వేగము నాలుగింటిపై ఆధారపడి యున్నది: ధారలోని బలము, చేయి ఊపు, స్ప్రింగు బిగువు, వాషర్ల రాపిడి. ఇందులో మొదటిది నీటి ఒత్తిడి. అదియే తక్కిన మూడింటికి యజమాని. నేను యజమానిని విడిచి స్ప్రింగును పట్టుకొంటిని.

వేగముగా తిరిగిన లాభమేమి?

లాభము లేదు, నష్టమే కలదు. మొదట ఒక సంగతిని రైతులు గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెను. యంత్రము వేగముగా తిరిగినను, మెల్లగా తిరిగినను గంటకు నాజిల్ నుండి వచ్చు నీరు ఒక్కటే. ఒత్తిడి, నాజిల్ రంధ్రము మారనిచో ఒక్క చెంబెడు కూడ ఎక్కువ రాదు. మారునది ఆ నీరు ఎచ్చట పడుచున్నది అనునది మాత్రమే.

ధార మెల్లగా కదలునప్పుడు ముందుపోయిన నీరు గాలిని తనతో ఈడ్చుకొనిపోయి వెనుక వచ్చు నీటికి దారి చేయును. కావున ధార దూరము పోవును. యంత్రము గిర్రున తిరిగినచో ప్రతి నీటి ముక్కయు కదలని కొత్త గాలిని చీల్చుకొని పోవలసివచ్చును. అది త్వరగా విరిగి, సన్నని తుంపరయై దగ్గరనే పడును. ధార గుఱ్ఱపు తోక వలె వెనుకకు వంగుట కంటికే కనబడును. పండ్రెండు మీటర్లు పోవలసిన నీరు తొమ్మిది పది మీటర్లకే పడిపోయినచో, నాలుగు యంత్రముల నడుమనున్న చోటునకు ఏ యంత్రపు నీరును చాలినంత చేరదు. ఆ రైతు చేనిలో వాడిన మొక్కలు సరిగా అచ్చటనే ఉన్నవి. ఇదిగాక సన్నని తుంపర గాలికి కొట్టుకొనిపోవును, ఎండకు ఆవిరియగును. వాషర్లు, ఇరుసు త్వరగా అరిగిపోవును.

మరీ మెల్లగా తిరిగినను, ఆగి ఆగి తిరిగినను వేరొక నష్టము. ఒకే చోట నీరు ఎక్కువసేపు పడుటవలన నేల త్రాగలేక పైన నిలుచును. నల్లరేగడిలో మడుగు కట్టును. ఎఱ్ఱచల్కలో మన్ను అణగి, ఆరిన తరువాత పెచ్చు కట్టును. ఆ పెచ్చు క్రింద మొలక పైకి రాదు, ఊడ లోనికి దిగదు.

సరియైన వేగమునకు ఒక గుర్తు

సాధారణముగా మనము వాడు చిన్న స్ప్రింక్లరు చుట్టు తిరుగుటకు ఒక నిమిషము మొదలు నిమిషమున్నర వరకు పట్టవలెను. పెద్ద యంత్రములకు రెండు నుండి నాలుగు నిమిషములు పట్టవలెను. ఈ అంకెలు మరచిపోయినను ఒక గుర్తు చాలును: ధార కొన మనిషి నడకంత వేగముతో చేను చుట్టిరావలెను.

లెక్క చూడుడు. ధార పండ్రెండు మీటర్ల దూరము పడుచున్నచో, దాని కొన తిరుగు చుట్టు సుమారు 75 మీటర్లు. నిమిషములో ఒక చుట్టు తిరిగినచో కొన నిమిషమునకు 75 మీటర్లు, అనగా గంటకు నాలుగున్నర కిలోమీటర్లు నడచినట్లు. ఇది సంతకు పోవు మనిషి నడక. రెయిన్ గన్ ధార 25 మీటర్లు పడినచో చుట్టు 157 మీటర్లు. అదే నడకకు రెండు నిమిషములకు పైగా పట్టును. ధార నలుబది మీటర్లు పడినచో చుట్టు 250 మీటర్లు, కావున మూడు నిమిషములు దాటవలెను. యంత్రము పెద్దదైన కొలది చుట్టుకు కాలము ఏల పెరుగవలెనో దీనినిబట్టి తెలియగలదు.

పరీక్ష కష్టము కాదు. యంత్రపు ఒంటికి ఎఱ్ఱగుడ్డ పీలిక ఒకటి కట్టుడు. అది మీకు ఎదురుగా వచ్చినప్పుడు గడియారము చూచి, మూడు చుట్లు లెక్కించి, మూడుచేత భాగింపుడు. తరువాత ఒకే చుట్టులో నాలుగు భాగములకు విడివిడిగా పట్టు కాలమును చూడుడు. ఒక వైపు పరుగెత్తి మరియొక వైపు నీరసించినచో మొత్తము నిమిషమే వచ్చినను అది సరియైన తిరుగుడు కాదు.

సరిచేయు క్రమము

రెండవసారి ఆ చేనికి పోయినప్పుడు ప్రెషరు గేజి తీసుకొని పోతిని. నాడు నేర్చుకొన్న క్రమము ఇది. రైతులు దీనిని వరుస తప్పక పాటింపవలెను.

మొదటిది, యంత్రముల సంఖ్య. 200 లీటర్ల డ్రమ్మును బోరు నీటితో నింపి ఎన్ని సెకనులు పట్టినదో చూడుడు. 50 సెకనులు పట్టినచో సెకనుకు 4 లీటర్లు. ఒక చిన్న స్ప్రింక్లరు సెకనుకు సుమారు అరలీటరు నీరు త్రాగును. కావున ఆ నీరు ఎనిమిదింటికి మించి చాలదు. నిజమునకు నోరు తెరచిన పైపునుండి వచ్చునంత నీరు, ఒత్తిడితో నాజిళ్ళనుండి నెట్టునప్పుడు రాదు. కావున ఒకటి రెండు తగ్గించి మొదలుపెట్టి, గేజి చూచుచు ఒక్కొక్కటి కలుపుట మేలు. ఆ రైతు ఎనిమిదింటి నీటితో పండ్రెండింటిని త్రిప్పబోయెను. ఎనిమిదిమందికి వండిన అన్నము పండ్రెండుమందికి పెట్టినచో ఎవరికిని కడుపు నిండదు గదా.

రెండవది, ఒత్తిడి. నాజిల్ వద్ద చదరపు సెంటీమీటరునకు 2 నుండి 3 కిలోల ఒత్తిడి ఉండవలెను. గేజి గొట్టపు మొనను నాజిల్ నోటి ముందు ధార నడుమ పట్టి చూడవచ్చును. ఒకే వరుసలో మొదటి యంత్రమునకును చివరిదానికిని నూటికి ఇరువది కంటె ఎక్కువ తేడా ఉండరాదు. గేజి లేనివారు ధారను చూచి తెలిసికొనవచ్చును. నాజిల్ దాటగానే నీరు పొగమంచు వలె విరిగినచో ఒత్తిడి ఎక్కువ, యంత్రము పరుగెత్తును. ధార విరుగక త్రాడు వలె పోయి లావు చినుకులుగా ఒక వలయమునందే పడినచో ఒత్తిడి తక్కువ, యంత్రము నీరసించును. ఎక్కువైనచో వాల్వు కొంచెము మూయుడు. తక్కువైనచో యంత్రములను తగ్గింపుడు, పైపు జాయింట్ల వద్ద కారుట లేకుండ రబ్బరు రింగులను మార్చుడు.

మూడవది, నాజిల్. మన బోరునీటితో ఇసుక వచ్చును. లవణములు ఎక్కువగుటచే నాజిల్ నోట తెల్లని పెచ్చు కట్టును. పూడిన నాజిల్‌ను ఇనుప తీగతో పొడువరాదు. రంధ్రము పెద్దదై, నీరు ఎక్కువ పోయి, ఒత్తిడి పడిపోవును. పుల్లతో గాని, పాత పండ్లబ్రష్షుతో గాని శుభ్రము చేయవలెను. రంధ్రము అరిగినదో లేదో తెలియుటకు అదే కొలత గల డ్రిల్లు పుల్ల వెనుక మొనను దూర్చి చూడుడు. వదులుగా ఆడినచో నాజిల్ మార్చవలెను.

నాలుగవది, నిలువు గొట్టము. అది గుంజ వలె నిటారుగా నిలువవలెను. వాలినచో యంత్రము పల్లమువైపు పరుగెత్తి, ఎగువవైపు ప్రాకును. గొట్టము ఊగుచున్నను సుత్తి దెబ్బ ఆ ఊపులోనే పోయి యంత్రము తిరుగదు. మట్టిలో గట్టిగా పాతిన కఱ్ఱకు గొట్టమును కట్టుటతో ఈ లోపము పోవును.

ఐదవది, వాషర్లు. యంత్రపు అడుగున నున్న వాషర్లు బండికి అడ్డుకట్టె వంటివి. అరిగిపోయినచో ప్రతి దెబ్బకు యంత్రము ఆగవలసిన చోటు దాటి జారును. బొంగరము వలె తిరిగిన ఆ రెండు పాత యంత్రముల జబ్బు ఇదియే. వాషర్ల నడుమ ఇసుక చేరినచో యంత్రము బిగుసుకొనును. విప్పి మంచినీటితో కడిగి, ఆ యంత్రమునకు తగిన కొత్త వాషర్లు వేయవలెను. కొందరు సైకిలు ట్యూబు ముక్కను కత్తిరించి వేయుదురు. అది మరీ పట్టుకొని యంత్రమును నిలిపివేయును. నూనెగాని, గ్రీజుగాని రాయకూడదు. దానికి ఇసుక అంటుకొని ఆకురాయి వలె ఇరుసును తినివేయును. ఈ యంత్రమునకు నీరే నూనె.

ఆరవది, అన్నిటికి చివర, స్ప్రింగు. ఇది మరీ బిగువైనచో బలము లేని ధార చేయిని నెట్టలేదు. నా చేతి పనివలన జరిగినది ఇదే. మరీ వదులైనచో చేయి సోమరియై తిరిగివచ్చును, దెబ్బకు బలముండదు. పై ఐదును సరిచూచిన తరువాతనే, అదియు ఒక్కొక్క గంటు చొప్పున, ప్రతిసారి గడియారము చూచుచు మార్చవలెను. కరెంటు బాగున్న వేళ కాక, వోల్టేజి తక్కువగా నుండు వేళ తిరుగుచున్నదో లేదో చూచినగాని పని పూర్తికాదు. చేయికి త్రాడు కట్టి వేగము తగ్గించుట, రాయి వ్రేలాడదీయుట మొదలైన ఉపాయములు విడిచిపెట్టవలెను.

రెయిన్ గన్ విషయము

2016 ఖరీఫులో అనంతపురము మొదలైన రాయలసీమ జిల్లాలలో వాన మొగము చాటువేయగా, ఎండుచున్న వేరుశనగను కాపాడుటకు ప్రభుత్వము రెయిన్ గన్‌లను పెద్దయెత్తున రంగములోనికి దింపినది. అప్పటినుండి మన ప్రాంతమున కూడ వీటిని గూర్చి రైతులు అడుగుచున్నారు.

రెయిన్ గన్ కూడ నీటి బలముతోనే తిరుగును. కాని దాని ఆకలి పెద్దది. 14 మిల్లీమీటర్ల నాజిల్ గలది మూడున్నర కిలోల ఒత్తిడివద్ద సెకనుకు సుమారు 3.8 లీటర్లు వెళ్ళగ్రక్కును. అనగా పైన చెప్పిన బోరు నీరంతయు ఒక్క గన్‌కే సరి. దాని చినుకు లావు, దెబ్బ గట్టిది. వేగము తప్పినచో నష్టమును అంత ఎక్కువగా నుండును. పరుగెత్తినచో దూరము తగ్గును. నిలిచినచో కొద్ది నిమిషములలో మన్ను కోసివేయును, లేత పైరు పడిపోవును. చాల గన్‌లకు ఇరుసువద్ద ఒక బ్రేకు ఉండును. దానిని కొంచెము కొంచెముగా బిగించియో, వదలియో చుట్టుకు రెండు నుండి నాలుగు నిమిషములు పట్టునట్లు అమర్చవలెను. మోటారు ఆపకుండ బ్రేకును ముట్టుకొనరాదు. ధారకు ఎదురుగా నిలువరాదు. అన్నిటికంటె ముఖ్యము, కరెంటు తీగల క్రింద గాని, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర గాని గన్ పెట్టరాదు. ధార తీగను తాకినచో ప్రాణాపాయము.

నిమ్మ, బత్తాయి, మామిడి తోటలలో చెట్టు మొదట పెట్టు చిన్న తుంపర యంత్రముల సంగతి వేరు. వాటిలోని చిన్న రెక్క నీటి ఎదురుదెబ్బకు గిర్రున తిరుగును. అవి దగ్గర చోటును తడుపుటకే చేసినవి కనుక దోషము లేదు. ఇప్పుడు చిక్కని సిలికాన్ నూనె నింపిన బిళ్ళతో రెక్క వేగమును అణచి, తక్కువ ఒత్తిడితోనే దూరము చిమ్ము రకములును వచ్చినవి. ఆ నూనె బిళ్ళను విప్పరాదు. చెడినచో మార్చవలసినదే.

ఉప్పునీటి బోరులు గలవారికి

మన పడమటి ప్రకాశపు భూగర్భజలములలో ఫ్లోరైడు గలదని అందరికి తెలిసినదే. అదిగాక కొన్ని బోరులలో ఉప్పు పాలును ఎక్కువ. అట్టి నీరు ఆకుపై పడి, మరల ధార వచ్చులోపల ఆరిపోయినచో ఉప్పు ఆకుపైననే మిగులును. చుట్టు చుట్టుకు ఆ ఉప్పు పేరుకొని ఆకు అంచులు మాడును. కావున ఇట్టివారు మరీ మెల్లగా తిరుగు యంత్రమును వాడరాదు. చుట్టుకు నిమిషము మించకుండ చూచుకొని, ఎండవేళ కాక రాత్రి గాని, తెల్లవారుజామున గాని తడి పెట్టవలెను. ఆ వేళలలో గాలియు తక్కువ. నీటిని ముందు పరీక్ష చేయించుకొనుట అన్నివిధముల మంచిది.

డబ్బాల పరీక్ష

యంత్రము సరిగా తిరుగుచున్నదని మనము అనుకొనుట వేరు, చేను ఒప్పుకొనుట వేరు. చేనినే అడుగుటకు ఒక సులువైన పరీక్ష గలదు. 1942లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన క్రిస్టియన్‌సెన్ తుంపర నీటి సమత్వమును కొలుచు సూత్రమును ప్రకటించెను. నేటికిని ప్రపంచమంతట దానిని వాడుచున్నారు. మనము దానిలోని సారమును గ్రహించిన చాలును.

పండ్రెండు మీటర్ల దూరమున నున్న నాలుగు స్ప్రింక్లర్ల నడుమ చదరములో, ఒకే కొలత గల పదునారు ఖాళీ డబ్బాలను వరుసకు నాలుగు చొప్పున, మూడేసి మీటర్ల ఎడముగా పెట్టుడు. గాలి లేని వేళ ఒక గంట నీరు వదలుడు. ప్రతి డబ్బాలోని నీటిని ఇంజక్షను సిరంజితో గాని, మందు సీసా మూతతో గాని కొలిచి వ్రాసికొనుడు. మొత్తమును పదునారుచేత భాగించిన సగటు వచ్చును. అన్నిటికంటె తక్కువ నీరు పడిన నాలుగు డబ్బాల సగటును వేరుగా కట్టుడు. మొదటిది 12 ఐనప్పుడు రెండవది 9 వచ్చినచో నూటికి 75. ఇది మంచి పంపిణి. 6 వచ్చినచో నూటికి 50. అనగా నాలుగవవంతు చేనికి సగము నీరే అందుచున్నదన్నమాట.

ఆ రైతు చేనిలో మొదట పెట్టిన పరీక్షలో ఎండుచోటి డబ్బాలకు సగటులో సగమైనను రాలేదు. తమ్ముని యంత్రములు నాలుగును తిరిగి పంపి, రెండు పాతవాటికి వాషర్లు మార్చి, వాలిన గొట్టములను నిలిపి, నేను బిగించిన స్ప్రింగులను మొదటి స్థితికి తెచ్చిన తరువాత అది ముప్పాతికకు వచ్చినది. ఖర్చు వాషర్లకు మాత్రమే.

మిగిలిన నీరెంత?

ఎండుచోటులు తడియవలెనని ఆయన అంతవరకు ఒక్కొక్క చోట మూడు గంటలకు బదులు ఐదు గంటలు మోటారు వేయుచుండెను. ఒక స్ప్రింక్లరు గంటకు 1800 లీటర్లు పోయును. ఎనిమిదింటికి రెండు గంటలలో 28,800 లీటర్లు. ఎనిమిది యంత్రములు ఒక పెట్టున తడుపునది సుమారు 28 సెంట్లు కనుక, ఎకరము పూర్తియగుటకు మూడున్నర పెట్లు కావలెను. ఆ లెక్కను ఎకరమునకు ఒక తడికి లక్ష లీటర్ల నీరు వృథాగా పోవుచుండెను. వేర్ల లోతు దాటి ఇంకిన నీరు పైరునకు పనికిరాదు, ఎరువును కూడ తనతో క్రిందికి తీసికొనిపోవును.

లక్ష లీటర్లన్నది కాగితముపై అంకె కాదు. వేసవి దగ్గరపడిన కొలది మన బోరులు ఒకటొకటిగా దిగిపోవుట ప్రతి ఊరును ఎరిగినదే. ఒక రైతు వృథాగా తోడిన నీరు ఆయన చివరి తడికి ఉండదు, ప్రక్క చేని తమ్ముని బోరుకును ఉండదు. కంభము చెరువు కట్టిన పెద్దలు అంత నీరు నిలువచేసియు, తూము పెట్టియే వదలినారు. రెండంగుళముల నీరు గల మనము ఎంత జాగ్రత్తగా నుండవలెను! మన స్ప్రింక్లరు తిరుగుడే మన తూము.

వేరుశనగ సంగతి చెప్పవలెను. మునిగిన నాలుగు చోటుల పైరు కోలుకొనలేదు. ఆ నష్టము నా ఖాతాలోనిది. ఎండిన చోటులలో మాత్రము తడి అందిన తరువాత ఆలస్యముగానైనను ఊడలు దిగినవి. పీకునాడు పోయి చూచితిని. నడుమ చోటుల చెట్లకు అంచువాటికంటె కాయలు తక్కువే గాని, చేతులు ఖాళీగా రాలేదు. విత్తనము మంచిదేనని ఆయనయే అనెను.

చేయవలసినది

గ్రామములలో పనిచేయు వ్యవసాయ సహాయకులకు ఒక మనవి. ప్రతి రైతు సేవా కేంద్రమున ఒక ప్రెషరు గేజి, పదునారు డబ్బాలు, కొన్ని వాషర్లు ఉంచుకొన్నచో ఒక ఉదయములో మూడు చేలను పరీక్షింపవచ్చును. కొత్తగా యంత్రములు తీసికొన్న రైతు చేనిలో వాటిని బిగించిన నాడే తిరుగు వేగమును చూచి చెప్పుట మన విధిగా పెట్టుకొనవలెను. సందేహములున్నచో దర్శిలోని కృషి విజ్ఞాన కేంద్రమువారిని సంప్రతింపవచ్చును. నా వలె తొందరపడి స్ప్రింగుపై చేయి వేయవలదు.

రైతు సోదరులు పక్షమునకు ఒకసారి, మోటారు వేసిన పది నిమిషముల తరువాత, చేతి గడియారముతో చేను చుట్టిరావలెను. ప్రతి యంత్రము వద్ద ఒక చుట్టు కాలము చూచి, పుస్తకములో వ్రాసికొనవలెను. ధార కొన మీతోపాటు నడుచుచున్నచో చేను సుఖముగా నున్నదని తెలిసికొనుడు. అది మిమ్ము దాటి పరుగెత్తినను, మీ వెనుక నిలిచిపోయినను, మోటారు ఆపి కారణము వెదకుడు. ఆ పని రేపటికి వాయిదా వేయదగినది కాదు.